వైకుంఠపాళి: అంతఃకలహమునకు గీచిన పటము

వైకుంఠపాళి తెలుగువారికి క్రొత్తగా పరిచయము చేయవలసిన వస్తువు కాదు. ముక్కోటి ఏకాదశినాటి జాగరణమున నట్టింట చాప పరచి, దానిపై మడతలు చిరిగిన కాగితపు పటమును పరచి, గవ్వలో చింతపిక్కలో చేతబట్టి తెల్లవారువరకు ఆడిన జ్ఞాపకము మనలో పలువురకు కలదు. పరమపదసోపానపటమని దీనికే మరియొక పేరు. ఒకని బ్రతుకులోని ఎగుడుదిగుళ్ళను చెప్పవలసివచ్చినప్పుడు 'వైకుంఠపాళి' అనుటయు, పైకి వచ్చినవాడు ఒక్కసారిగా పడిపోయినప్పుడు 'పెద్దపాము మ్రింగినది' అనుటయు మన వాడుకలో నిలిచియున్నవి. భాషలో ఇంతగా ఇంకిపోయిన ఈ వస్తువునకు మన సాహిత్యచరిత్రలలోగాని కళాచరిత్రలలోగాని దొరకిన చోటు మిక్కిలి తక్కువ. పిల్లల ఆటయని దానిని ప్రక్కకు నెట్టితిమి. ఆ పిల్లలును ఇప్పుడు పేర్లు లేని పటముమీద ఆడుచున్నారు. ఆ పేర్లు ఏమైనవో, వానితోపాటు పోయినది ఏమో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

నన్ను ఈ విచారణకు పురికొల్పినది మా శాఖలో జరిగిన యొక చర్చ. పరిశోధక విద్యార్థి యొకడు ఆధునిక కళారీతులపై పత్రము చదువుచు, ప్రేక్షకుడు తన చేతితో పూర్తిచేయవలసిన కళ పాశ్చాత్య దేశములలో ఇరువదవ శతాబ్దిలో పుట్టినదనియు, అట్టిది మన సంప్రదాయమున లేదనియు చెప్పెను. అతడు చూపిన ఉదాహరణములు మంచివే. అలన్ కాప్రో 1962లో న్యూయార్కు నగరమున 'వర్డ్స్' అను పేర ఏర్పరచిన గదులలో ప్రేక్షకులు గోడలమీది మాటలను తామే మార్చి కూర్చుకొనిరి. 2018లో అదే నగరమున, హిమాలయప్రాంతపు కళలకు నెలవైన రూబిన్ మ్యూజియమున, క్యాండీ చాంగ్, జేమ్స్ రీవ్స్ అను ఇరువురు ఒక గోడను నిలిపిరి. వచ్చినవారు తమ ఆందోళనకు కారణమునో, తమ ఆశకు కారణమునో చీటిపై వ్రాసి ఆ గోడకు తగిలించిరి. చీటీలు లేక ఆ గోడ లేదు. ఆ మ్యూజియము తన న్యూయార్కు భవనమును 2024లో మూసివేసినది. ఇట్టి రచనలను నేటి కళాకారులు 'ఇన్‌స్టలేషన్' అని వ్యవహరింతురు. ఒక స్థలమును ఆక్రమించి, చూపరిని తనలోనికి పిలుచుకొని, అతని చేష్టతోగాని పూర్తికాని కృతి అని ఆ మాటకు తాత్పర్యము.

అట్టిది మనకు లేదన్న మాటయే నాకు మింగుడు పడలేదు. అన్నియు మనవద్దనే పుట్టినవని చాటుట నా అభిమతము కాదు. ఆ రోగమునకు మన విమర్శ ఇదివరకే చాలినంత లోనయినది. కాని పలువురు చేతులు కలిపి చేయునది, ఆడువాడు లేనిదే నిర్జీవమైనది, మనస్సులోని పోరే ఇతివృత్తముగా గలది అను మూడు లక్షణములును వైకుంఠపాళియందు స్పష్టముగా కానవచ్చుచుండగా దానిని లెక్కింపకుండుట న్యాయము కాదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. సంస్కృతమున 'పాళి' యనగా వరుస, పంక్తి. గడుల వరుసలతో వైకుంఠము చేరుకొనునది కావున వైకుంఠపాళి యనుట సహజముగనే ఉన్నది. తెలుగున 'ఈ పాలి' అనగా 'ఈ సారి' అను వాడుకయు కలదు. వ్యుత్పత్తికి మొదటి అర్థమే తగినదైనను, పడి లేచి మరల పందెము వేయువాని నోట రెండవ అర్థము పలుకక మానదు.

ఈ పటము తెలుగునాటికి మాత్రమే పరిమితమైనది కాదు. ఉత్తరదేశమున దీనిని జ్ఞానచౌపడ్ అనిరి, మహారాష్ట్రమున మోక్షపటమనిరి. నేపాళమున నాగపాశమను పేర నున్న పటములలో నిచ్చెనలకు బదులు ఎర్రపాములు పైకి కొనిపోవును, నల్లపాములు క్రిందికి లాగును. టిబెట్టున ఇట్టిదే యొక ఆటను సాక్య పండితునకు (1182–1251) ఆరోపింతురు. వైష్ణవపటములకు 72 గడులు, జైనపటములకు 84, సూఫీల 'షత్రంజుల్ ఆరిఫీన్' పటమునకు 100. ఒకే చట్రమును మతమువారు మతముగా తమ మనోభూగోళమునకు అనువుగా దిద్దుకొనిరి. చట్రము ఒక్కటే, అందులోని పేర్లు వేరు అను ఈ విషయము ముందు మనకు ఉపకరించును. ఆండ్రూ టాప్స్‌ఫీల్డు 1985లోను 2006లోను ప్రకటించిన వ్యాసములు ఈ పటముల జాతులను మొదటిసారిగా క్రమపరచినవి. 2019లో జేకబ్ ష్మిట్-మాడ్సెన్ కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథము పశ్చిమభారతపు పటములను విస్తరించి పరిశీలించినది. దక్షిణదేశపు పటముల పని మనకొరకు మిగిలియున్నది.

దీనిని కనిపెట్టినవాడు జ్ఞానేశ్వరుడని యొక ప్రసిద్ధి కలదు. పదుమూడవ శతాబ్దివాడగు ఆ మహనీయునకు దీనిని ముడిపెట్టుట భక్తులకు ప్రియమేగాని చరిత్రకు ఆధారము కాదు. చేతికి దొరకు పటములు పదునెనిమిదవ శతాబ్దినాటికి ఇటువి. నడుమ నున్న నాలుగైదు వందల ఏండ్లను ఒక పేరుతో పూడ్చుట తొందరపాటు. అసలు ఇట్టి వస్తువునకు కర్త యొక్కడే యుండవలెననుకొనుటయే పొరపాటని నాకు తోచుచున్నది. గడులకు పేర్లు కూర్చినవాడు వేదాంతి, గీచినవాడు చిత్రకారుడు, అరిగినప్పుడు నకలు తీసినవాడు వేరొకడు. నకలు తీయుచు ఒక పామును పొడిగించినవాడు, ఒక లోకమును మార్చినవాడు ఇంకొకడు. పటము చేతులు మారినకొలది కర్తలు పెరిగిరి.

లక్నోలో 1780–82 ప్రాంతమున సిద్ధమైన పటమొకటి రిచర్డు జాన్సన్ సేకరణలో ఉండెను. అది నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. ఈ జాన్సన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1784–85లో హైదరాబాదున రెసిడెంటుగా ఉండినవాడు. 1807లో తన చిత్రములను, వ్రాతప్రతులను కంపెనీ గ్రంథాలయమునకు అమ్మెను. ఒక వైష్ణవ గృహమున నేలపై పరచి ఆడవలసిన పటము చిత్రపటముల సంపుటమున అతికించబడి భద్రమైనది. భద్రమైనది నిజమే. కాని అప్పటినుండి దానిమీద ఎవరును పావు నడపలేదు.

ఇక పటము లోపలికి ప్రవేశింతము. పరిశీలనకు నేను గ్రహించినది హరీశ్ జోహారి 1975లో 'లీల' అను పేర ఇంగ్లీషున ప్రకటించిన 72 గడుల పటము. అది ఆధునిక ముద్రణ. పాతపటములలో గడుల పేర్లు అక్కడక్కడ మారుచుండును. అయినను సంప్రదాయపు 72 గడుల నిర్మాణము అందు నిలిచియున్నందునను, విద్యార్థులకు సులభముగా దొరకునది కావునను దానినే ఎన్నుకొంటిని.

తొమ్మిది గడుల వరుసలు ఎనిమిది. నడక నాగలిచాలువలె సాగును: మొదటి వరుస ఎడమనుండి కుడికి, రెండవది కుడినుండి ఎడమకు. మొదటి గడి జన్మ. అందు ప్రవేశించుటకు పాచికపై ఆరు పడవలయును. రెండవది మాయ. ఆ తరువాత క్రోధము (3), లోభము (4), భూలోకము (5), మోహము (6), మదము (7), మాత్సర్యము (8), కామము (9). అనగా అరిషడ్వర్గమంతయు మొదటి వరుసలోనే యున్నది. ఇందు గమనింపవలసిన విశేషము ఒకటి కలదు. ఆ ఆరింటిలో ఒక్కటియు పాముతల కాదు. పాములు పైన వేరుగా నున్నవి. 12లో ఈర్ష్య కరచిన 8లోని మాత్సర్యమునకు జారుదుము. 16లోని ద్వేషము 4లోని లోభమునకు దింపును. 24లోని కుసంగము 7లోని మదమునకు, 29లోని అధర్మము 6లోని మోహమునకు, 44లోని అవిద్య 9లోని కామమునకు. అనగా ఈ పటకర్తల దృష్టిలో కామక్రోధాదులు పతనమునకు కారణములు కావు, పడిన తరువాత మనము తేలు చోట్లు. పుట్టిన ప్రతివాడును దాటిపోవలసిన నేల అది. అందు నిలుచుట దోషము కాదు. దోషము పై వరుసలనుండి తిరిగి అక్కడికి వచ్చుటలో నున్నది. నీతిశతకములు చదివి పెరిగిన మనకు ఈ భేదము చిన్నదిగా తోపవచ్చును. నాకు మాత్రము మనస్సును గూర్చిన మిక్కిలి సూక్ష్మమైన పరిశీలనగా కన్పట్టుచున్నది.

నిచ్చెనల సంగతి ఇంకను ఆశ్చర్యకరము. గమ్యమగు వైకుంఠము 72వ గడి కాదు, 68వది. పై వరుసకు నట్టనడుమ నున్నది. 46లోని వివేకము నిన్ను 62లోని సుఖమునకు చేర్చును. అక్కడినుండి సరిగా ఆరు పడిన వైకుంఠము. ఒకటి పడిన 63లోని తమస్సు అను పాము నోట పడి మరల అట్టడుగు వరుసకు పోవుదువు. 37లోని జ్ఞానము 66లోని ఆనందమునకు కొనిపోవును. అక్కడినుండి రెండే గడుల దూరము, కాని రెండే పడవలెను. 45లోని సువిద్య 67వరకు, అనగా గడప వరకు కొనిపోవును. లోపలికి గొంపోవు నిచ్చెన ఒక్కటే: 54లోని భక్తి. వివేకము, జ్ఞానము, సువిద్య, భక్తి అను వీని తారతమ్యమును గూర్చి ఆచార్యులు భాష్యములలో చేసిన వాదమంతయు ఇందు నాలుగు గీతలలో ఇమిడిపోయినది. ఈ పటము వైష్ణవులదని చెప్పుటకు వేరే ముద్ర అక్కరలేదు.

అయితే ఆ భక్తికి మీదనే, దానిని ఆనుకొని, 55వ గడిలో అహంకారమున్నది. వరుస మలుపు తిరుగు చోట ఒకదానిపై నొకటిగా ఈ రెండును నిలిచినవి. ఒక్క గడి తేడా. మూడు పడవలసిన చోట నాలుగు పడిన, వైకుంఠమునకు పోవలసినవాడు అట్టడుగు వరుసకు పోవును. 51వ గడియగు పృథ్విపై నిలిచినవానిని తలచుకొనుడు. ఒకటి పడిన 52లోని హింస అతనిని 35లోని నరకమునకు త్రోయును. మూడు పడిన భక్తి. నాలుగు పడిన అహంకారము. మూడు గతులును ఒక్క పిడికిటిలో నున్నవి. చిన్ననాట మా అమ్మమ్మ యింట ఆడునప్పుడు, ఇట్టి చోటికి వచ్చినవాడు పాచికలు వేయుటకు జంకి చేతిని చాలసేపు ఊపుచుండుటయు, చుట్టును నున్నవారు నవ్వుట మానివేయుటయు నేనెరుగుదును.

దయ విషయము ఇంకొక వింత. 17వ గడిలోని దయ పటములోని నిచ్చెనలన్నింటిలో పొడవైనది. రెండవ వరుసనుండి నేరుగా 69లోని బ్రహ్మలోకమునకు పోవును. కాని అది వైకుంఠమును ఒక్క గడి దాటిపోయినది! అక్కడినుండి సత్త్వ, రజస్, తమోగుణములను మూడు గడులు మిగిలియున్నవి. 72లోని తమోగుణము పామై 51లోని పృథ్వికి దింపును. దయాళువు ఎంత ఎత్తునకు పోయినను, మరల భూమిపైకి దిగి, భక్తికి మూడడుగుల దూరమున నిలిచి పందెము వేయవలసినదే. మితిమీరిన మంచితనముకూడ గురి తప్పవచ్చునని చెప్పుటకు ఇంతకన్న సున్నితమైన మార్గమును నేను కావ్యములలో చూడలేదు.

కావ్యముల ప్రస్తావన వచ్చినది కావున, ఇదే ఇతివృత్తమును మన సాహిత్యము ఎట్లు నడపినదో చూచుట అవసరము. పదునొకండవ శతాబ్ది ఉత్తరార్ధమున చందేలరాజగు కీర్తివర్మ కాలమున కృష్ణమిశ్రుడు రచించిన ప్రబోధచంద్రోదయ నాటకము అంతఃకలహమునకు ఆదర్శప్రాయమైన రూపకము. మనస్సునకు ప్రవృత్తియందు పుట్టిన మహామోహుడును నివృత్తియందు పుట్టిన వివేకుడును దాయాదులు. కామ క్రోధ లోభ దంభాహంకారములు ఒక పక్షము. శాంతి శ్రద్ధాదులు, విష్ణుభక్తి మరొక పక్షము. పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు దీనిని తెలుగున ఐదాశ్వాసముల ప్రబంధముగా సంతరించిరి. మనస్సులోని పోరును చెప్పు కావ్యము ఇరువురు కవుల కలయికవలన తెలుగున వెలసినదనుట కాకతాళీయమే కావచ్చును. కాని ఒక మనస్సులోని రెండు పక్షములను చెప్పుటకు రెండు మనస్సులు ఏకమైనవను ఊహ నన్ను వదలలేదు.

నాటకమునకును పాళికిని గల భేదమే ఇచ్చట ముఖ్యము. నాటకమున అరిషడ్వర్గము శత్రుసేన. మహామోహుడు రాజు, కాముడు సేనాని. వారిని ఓడించిన ప్రబోధము పుట్టును. పటమున వారు శత్రువులు కారు, స్థలములు. ఇంకొక విశేషము: నాటకమున వివేక మహామోహుల యుద్ధము రంగముపై జరుగదు. ఐదవ యంకమున శ్రద్ధ వచ్చి దానిని విష్ణుభక్తికి నివేదించును. ప్రేక్షకుడు వినునది యుద్ధవార్త మాత్రమే. నాట్యశాస్త్రమర్యాద అట్టిది; యుద్ధమును రంగముపై చూపుట కూడదు. పాళియందు ఆ యుద్ధము వార్తగా రాదు. ఆడువాని పావు అతని పేరనే నడచును. జోహారి చెప్పిన పద్ధతిలో ఆడువాడు తన వ్రేలి ఉంగరమును తీసి పావుగా ఉంచుకొనును. నాటకము చూచి ఇంటికి పోవువాడు అహంకారుడను పాత్రను తలచుకొని నవ్వుకొనవచ్చును. పాళిలో 55వ గడిలో తన ఉంగరమును చూచుకొన్నవానికి ఆ నవ్వు అంత సులభము కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపము రాక తప్పదు. నాటకమున వివేకుడు యత్నించి గెలుచును. పాళిలో గెలుపోటములు పాచిక చేతిలో నున్నవి. మనుష్యుని సంకల్పమునకు చోటు లేని ఆట అంతఃకలహమును చూపుచున్నదని ఎట్లనగలము? పోరాడువాడే లేనిచోట పోరెక్కడిది? దీనికి సంప్రదాయజ్ఞులు చెప్పు సమాధానము అందరకు తెలిసినదే: పాచిక ప్రాక్తనకర్మ. ఏ జన్మలోని కర్మయో నేడు మూడుగా పడును, నాలుగుగా పడును. ఈ సమాధానము నన్ను పూర్తిగా తృప్తిపరచలేదు. కర్మకు ఒక క్రమమున్నదని శాస్త్రము చెప్పును. పాచికకు క్రమము లేదు. నిన్న పడిన నాలుగునకు నేడు పడిన నాలుగు ఫలము కాదు.

నాకు తోచినది వేరు. పటమునెదుట కూర్చున్నవాడు చేయగల పనులు రెండున్నవి. పందెము పడిన గడి పేరును పైకి చదువుట మొదటిది. మా యింట ఈ నియమము కచ్చితముగా ఉండెడిది. పేరు చదువనిదే పావు కదల్పనిచ్చెడివారు కారు. అక్షరములు రాని ముసలమ్మలకుకూడ గడుల పేర్లు కంఠస్థములు. పదిమంది నడుమ 'నేను ద్వేషములో ఉన్నాను, లోభమునకు జారుచున్నాను' అని తన నోట తాను పలుకుట సామాన్యము కాదు. అది ఆటయను నెపము లేనిచో ఎవ్వరును పలుకరు. రెండవది, పడిన తరువాత లేచిపోక మరల పాచికలు చేతబట్టుట. పోరు గెలుచుటలో లేదు, ఒప్పుకొనుటలోను కూర్చుండుటలోను ఉన్నది. నేటి న్యూయార్కు గోడకు చీటి తగిలించినవాడు చేసినదియు ఈ మొదటి పనియే. కాని అతడు తన పేరు లేకుండ వ్రాసి వెడలిపోయెను. పాళి ఆడువాడు ఎదుట నున్నవారి కన్నులలోనికి చూచుచు చదువవలెను. ఏది కఠినమో చదువరులే ఎరుగుదురు.

పేర్లకు ఇంత ప్రాధాన్యమున్నది కావుననే అవి పోవుట నష్టమని నా వాదము. ఈ ఆట ఇంగ్లండునకు పోయినప్పుడు మొదట పేర్లతోనే పోయినది. 1892లో లండనున ఎఫ్. హెచ్. అయర్స్ ఒక పటమునకు పేటెంటు పొందెను. విక్టోరియా రాణినాటి ఆ దేశపు పటములలో పొదుపు, విధేయత, శ్రమ మొదలగునవి నిచ్చెనలెక్కించినవి. సోమరితనము, అవిధేయత మొదలగునవి పాములైనవి. మోక్షము పోయి ఐహికమైన అభ్యుదయము వచ్చినది. అదియు ఒక మనోభూగోళమే, దానిని తప్పుపట్టను. కాని కాలక్రమమున ఆ పేర్లును పోయి అంకెలు మాత్రము మిగిలినవి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములనుకూడ తీసివేసి జారుడుబల్లలు పెట్టినది. పేర్లు పోయిన ఆ ఇంగ్లీషు పటము మన దేశమునకు తిరిగి వచ్చి అట్టపెట్టెలలో అమ్ముడుపోవుచున్నది. పాము కరచినది, ఏ పామో తెలియదు. అంకెలు చదువువానికి తన్ను గూర్చి చెప్పుకొనవలసిన మాట ఒక్కటియు లేదు.

తెలుగు అచ్చుపటములను గూర్చి ఇంకొక మాట చెప్పవలసియున్నది. పండుగనాళ్ళలో దేవాలయముల ఎదుటి దుకాణములలో దొరకు పటములు ఉత్తరదేశపు 72 గడుల పటమువంటివి కావు. పాములకు గుణముల పేర్లకన్న పురాణములలోని అసురుల పేర్లు ఎక్కువగా కన్పట్టును. పై వరుసలు దేవతామూర్తులతో నిండియుండును. గుణమును విడిచి వ్యక్తిని గ్రహించుట మన పౌరాణిక సంస్కారమునకు తగినదే. ఈర్ష్యను గూర్చి మనము మాటలాడము, దుర్యోధనుని గూర్చి మాటలాడుదుము. ఇందు లాభమును నష్టమును రెండును గలవు. కథ తెలిసినవానికి హిరణ్యకశిపుడను ఒక్క పేరు పది గుణములను స్ఫురింపజేయును. కాని అసురుడు ఎప్పుడును ఎదుటివాడే. ఒక్కొక్క ముద్రణలో ఒక్కొక్క అసురుడు ఎందుకు చేరెనో, ఎవడు తొలగెనో గుర్తించుట పరిశోధకునకు చక్కని పని. కాగితము చవుక, రెండు సంక్రాంతులు నిలువదు. సేకరింపవలసినవారు త్వరపడవలెను.

చివరకు మేము చేసిన చిన్న ప్రయత్నమును నివేదించెదను. 2023 జనవరిలో, ముక్కోటి ఏకాదశి మరునాడు, మా శాఖ వెనుకనున్న వసారా ముంగిట విద్యార్థులు ముగ్గుపిండితో 72 గడులు గీచిరి. మనిషి నిలుచుటకు గడి రెండడుగులైనను ఉండవలెనని తేల్చి, పదునెనిమిది అడుగుల వెడల్పు, పదునారడుగుల పొడవు కొలిచిరి. వెదురుబద్దలు నిచ్చెనలైనవి. పాత చీరలను మెలిపెట్టి పాములను చేసిరి. పావులు ఆడువారే. ఈ తలపు నాది కాదు, నేను మొదట చెప్పిన ఆ విద్యార్థిదే.

గడులకు ఏ పేర్లు పెట్టవలెనను విషయమున రెండు దినములు వివాదము నడచినది. పాతపేర్లే ఉండవలెనని నేనంటిని. 'కుసంగము అనిన మాకు ఏమియు నొప్పి కలుగదు, సార్' అని ఒక అమ్మాయి చెప్పినది. చట్రము ఒక్కటే, పేర్లు ఎవరివి వారివి అని చరిత్ర చెప్పుచుండగా నేను వాదించుటకు నిలువలేకపోతిని. గడులకు పాతపేర్లను ఉంచి, పాముతలలకును నిచ్చెనలకును క్రొత్తపేర్లు పెట్టుటకు ఒప్పందమైనది. ప్రతివారును తమ్ము క్రిందికి లాగునది యొక చీటిపై, పైకెత్తునది మరియొక చీటిపై పేరు లేకుండ వ్రాసి ఇత్తడిచెంబులో వేసిరి. పాముల చీటీలు చెంబు నిండ వచ్చినవి. 'రేపు' అని యొకటి, 'పోలిక' అని యొకటి, 'నాన్నగారి మౌనము' అని యొకటి, 'మాట పడలేకపోవుట' అని యొకటి. నిచ్చెనల చీటీలు పదియైనను నిండలేదు. 'నిద్ర', 'అమ్మ ఫోను', 'గ్రంథాలయములో కిటికీ ప్రక్క కుర్చీ'. రెండు నిచ్చెనలు పేరు లేకయే మిగిలినవి. వానికి పాతపేర్లు పెట్టుదమని నేననగా, ఖాళీగా ఉంచుదమని వారనిరి. వారి మాటయే నెగ్గినది. అదియే సరియైనదని ఇప్పుడు నాకును తోచుచున్నది.

ఆట సాయంకాలము మూడు గంటలకు మొదలై చీకటి పడువరకు సాగినది. మొదట అంతయు నవ్వులాట. శాఖలో ఊడ్చు ఆమెను పిలువగా వచ్చి, పాముతలమీద నిలిచి, 'నేను జారను, పొద్దుటినుంచి ఎక్కి దిగుతూనే ఉన్నాను' అని అక్కడనే కూర్చుండెను. నియమము ప్రకారము దిగవలెనని ఎవ్వరును అనలేకపోయిరి. ఆ తరువాత ఒక అబ్బాయి 44వ గడికి వచ్చెను. చీటి తీసి 'పోలిక' అని చదివి, తరువాత మాట రాక నిలిచిపోయెను. అక్షరములు అతనివేనని ప్రక్కనున్నవారికి తెలిసినది. ఎవ్వరును నవ్వలేదు. కొంతసేపటికి అతడు మెలిపెట్టిన చీరవెంట మెల్లగా నడచి 9వ గడిలో నిలిచి, పాచిక నాకిమ్మని చేయి చాచెను.

మరునాటి ఉదయమునకు మంచుకును కాలిత్రొక్కిళ్ళకును ముగ్గు చెరిగిపోయినది. వెదురుబద్దలను తోటమాలి పాదులకు వాడుకొనెను. చీటీలను కవరులో పెట్టి శాఖ బీరువాలో ఉంచితిని. మరుసటి సంవత్సరమున క్రొత్త విద్యార్థులు ఆ చీటీలతోనే ఆడెదమని అడిగిరి. అవి వ్రాసినవారివని చెప్పి ఇయ్యలేదు. వారు చెంబును మాత్రము తీసికొని పోయిరి.